పెట్రోలు డబ్బులతో ఈఎంఐ తీరుతుందా?

ప్రశ్న: శ్రీకాకుళంలో ప్లంబింగ్ పనులు చేస్తుంటాను. ఉండేది అరసవల్లి. పనులు ఎక్కువగా బలగ, డే అండ్ నైట్ జంక్షన్, ఏడు రోడ్ల వైపు. పాత మోపెడ్ మీద రోజుకు 40 కిలోమీటర్ల దాకా తిరుగుతాను. వెనక పెట్టె ఉండి లోడు వేసుకునే బ్యాటరీ బండి రూ.1,30,000 చెప్తున్నారు. రూ.30,000 కట్టి, మిగతా లక్షకు మూడేళ్ల లోన్ తీసుకుంటే పెట్రోలు డబ్బులతోనే ఈఎంఐ అయిపోతుందని షోరూంలో అంటున్నారు. మోపెడ్ కూడా ఎక్స్ఛేంజ్‌లో తీసుకుంటారట. తీసుకోమంటారా?

జవాబు: షోరూం వాళ్లది సగం లెక్క. మోపెడ్ లీటరుకు 50 కిలోమీటర్లు ఇస్తుందని, లీటరు రూ.110 అని అనుకుందాం. నెలకు 25 రోజుల పనికి పెట్రోలు రూ.2,200. అదే తిరుగుడుకు బ్యాటరీ బండి లోడుతో 40 యూనిట్లు తాగిందనుకోండి. యూనిట్‌కు పది రూపాయలు వేసుకున్నా రూ.400. అంటే మిగిలేది రూ.1,800. లక్షకు 12 శాతం వడ్డీతో మూడేళ్ల ఈఎంఐ దాదాపు రూ.3,320. నెలనెలా పదిహేను వందలు జేబులోంచే పడాలి.

ఆ పదిహేను వందలు పని నుంచి రావాలి. ఆటో కిరాయి మిగులుతుందని మాత్రం లెక్క వేసుకోకండి. 20 అడుగుల పైపులు, వాటర్ ట్యాంకు ఈ బండి మీద రావు. వాటికి ట్రాలీ ఆటో తప్పదు, ఆ కిరాయి మామూలుగా ఇంటివాళ్లే ఇస్తారు కూడా. మీకు కలిసొచ్చేది వేరే. ఎల్బో ఒకటి తక్కువైందనో, డ్రిల్లింగ్ మెషీన్ ఇంట్లో ఉండిపోయిందనో పని మధ్యలో ఆపి పరుగెత్తే టైము. అన్నీ పెట్టెలోనే ఉంటే సాయంత్రానికి ఇంకో ట్యాప్ మార్చే పనో, ఫ్లష్ ట్యాంకు రిపేరో పడుతుంది. నెలకు అలాంటివి నాలుగైదు పడితే లోటు పూడినట్టే. కాబట్టి ఫోన్లు వస్తున్నా వెళ్లలేక పనులు వదులుకుంటున్నారా, లేక ఫోన్ కోసమే ఎదురుచూస్తున్నారా అన్నది చూసుకోండి. మొదటిదైతే తీసుకోండి. రెండోదైతే ఇప్పుడొద్దు.

తీసుకుంటే లోన్ షోరూంలోనే పెట్టించుకోవాలని లేదు. మీ ఖాతా ఉన్న బ్యాంకులో ముద్ర లోన్ అడగండి. రూ.50,000 దాటితే అది కిశోర్ కేటగిరీ, తాకట్టు అక్కర్లేదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) చేసుకుని వెళ్తే మంచిది. అది పూర్తిగా ఉచితం, నెట్ సెంటర్లో వేలు అడిగితే ఇవ్వకండి. ఇంట్లోవాళ్లు డ్వాక్రా సంఘంలో ఉంటే అక్కడి వడ్డీ కూడా కనుక్కోండి. చేతివృత్తులవాళ్లకు లోన్ ఇచ్చే కేంద్రం విశ్వకర్మ పథకం గురించి చాలామంది అడుగుతున్నారు. అందులోని 18 వృత్తుల్లో తాపీ పని, వడ్రంగం ఉన్నాయి కానీ ప్లంబింగ్ లేదు.

బ్యాటరీ వారంటీ కార్డు మాత్రం కూర్చుని చదవండి. ఇన్నేళ్లు లేదా ఇన్ని కిలోమీటర్లు, ఏది ముందైతే అది అని రాసి ఉంటుంది. మీ తిరుగుడు ఏడాదికి 12,000 కిలోమీటర్లు. ఆ లెక్కన వారంటీ ఎప్పుడు అయిపోతుందో చూసి, కొత్త బ్యాటరీ కోసం మొదటి నెల నుంచే పోస్టాఫీసులో నెలకు వెయ్యి రూపాయల ఆర్‌డీ (నెలనెలా కట్టే పొదుపు) కట్టండి. ఈ వెయ్యి కూడా పైన చెప్పిన లోటులో కలుస్తుంది. అద్దె ఇల్లయితే చార్జింగ్ సంగతి ఓనరుతో ముందే మాట్లాడుకోండి, తర్వాత కరెంటు బిల్లు దగ్గర గొడవలు వస్తాయి.

మోపెడ్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వొద్దు. దానికి వాళ్లిచ్చేది ఎలాగూ పెద్ద మొత్తం కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొట్టాక ఉద్దానంలో కరెంటు రావడానికి రోజులు పట్టింది మీకు గుర్తుండే ఉంటుంది. కరెంటు లేకపోతే బ్యాటరీ బండికి చార్జింగ్ ఉండదు, అప్పుడు మోపెడే దిక్కు. తుపాను మర్నాడే కదా మీకు ఎక్కువ ఫోన్లు వచ్చేది!

అడ్వాన్సు ఇచ్చే ముందు మీ సామాన్ల సంచీ, మెషీన్లు, ఫిట్టింగుల డబ్బా అన్నీ షోరూంకి తీసుకెళ్లి టెస్ట్ రైడ్ బండి మీద వేయండి. ఆమదాలవలస దాకా వెళ్లి వచ్చి చార్జింగ్ ఎంత దిగిందో చూడండి. ఖాళీ బండికి కంపెనీ చెప్పే రేంజ్ మీకు పనికిరాదు. లోడుతో నడిపి చూడనివ్వకపోతే వేరే షోరూంకి వెళ్లండి.