ఎలక్ట్రిక్ వాహనాల్లో నిజమైన కొత్త ఆలోచన ఏది? నా ఓటు రేవాకు

ఎలక్ట్రిక్ వాహనాల రూపకల్పనలో నిజంగా కొత్తదని చెప్పదగినది ఏది, ఇప్పుడు వస్తున్న పెద్ద ఎస్‌యూవీలలో దేనికి ఆ పేరు ఇవ్వవచ్చు అని నన్ను కొందరు అడిగారు. ఆ ఎస్‌యూవీలలో దేనికీ నేను ఆ పేరు ఇవ్వను. 2001లో బెంగళూరులో విడుదలైన రేవా అనే చిన్న ఎలక్ట్రిక్ కారుకే ఆ గౌరవం దక్కాలని నా గట్టి నమ్మకం. బెంగళూరు జయనగరంలో ఉండే మా మేనమామ ఆ బండిని చాలాకాలం వాడారు. చదువు కోసం వాళ్ళింట్లో ఉన్న రోజుల్లో నేను దానిని నడిపాను, కడిగాను, దాని బ్యాటరీలకు డిస్టిల్డ్ వాటర్ పోశాను. కాబట్టి ఇది పత్రికల్లో చదివి చెబుతున్న మాట కాదు.

రేవా వెనుక ఉన్న చేతన్ మైనీ మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదువుతున్నప్పుడు అక్కడి విద్యార్థులు తయారు చేసిన సౌరశక్తి కారు బృందంలో పనిచేశారు. 1990లో అమెరికాలో జరిగిన సన్‌రేస్ అనే సౌరశక్తి కార్ల పోటీలో ఆ బృందానిదే మొదటి స్థానం. ఇంట్లో ఇస్త్రీ పెట్టెకు సరిపోయేంత కరెంటుతో మనిషిని కూర్చోబెట్టుకుని వందల కిలోమీటర్లు పరుగెత్తవలసిన బండి అది. అటువంటి బండి దగ్గర పని నేర్చుకున్నవారు బ్యాటరీ ఎంత పెద్దది పెడదామా అని ఆలోచించరు, బండిలోంచి ఇంకా ఏమి తీసివేయవచ్చునా అని ఆలోచిస్తారు. రేవా అంతా ఆ ఆలోచనే. పొడవు సుమారు 2.6 మీటర్లు, ముందు ఇద్దరు పెద్దలకు, వెనుక ఇద్దరు పిల్లలకు చోటు. గేర్ రాడ్డు లేదు, స్టీరింగ్ పక్కన తిప్పే చిన్న నాబ్ ఒకటే ఉంటుంది. ముందు సీట్ల కింద ఎనిమిది లెడ్ యాసిడ్ బ్యాటరీలు, అన్నీ కలిపి 48 వోల్టులు, 200 ఆంపియర్ అవర్లు, అంటే లెక్కకు 9.6 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) కరెంటు. గీజరుకు వాడే 15 ఆంపియర్ల సాకెట్‌లో రాత్రి పెడితే తెల్లవారేసరికి నిండేది. నిండా ఛార్జ్ చేస్తే 80 కిలోమీటర్లు వస్తుందని కంపెనీ చెప్పేది; మా మామయ్య రోజూ ఆఫీసుకు వెళ్ళివచ్చేందుకు అందులో సగం కూడా అవసరం అయ్యేది కాదు.

ఆ బండి గురించి నాకు బాగా గుర్తున్న సంఘటన గాంధీ బజారులో జరిగింది. ఒక సాయంత్రం పూల దుకాణాల ముందు మేము ఆగి ఉండగా ఒక ఆటో వచ్చి మా బండి వెనుక మూలకు గట్టిగా తగిలింది. డ్రైవరు మాటకు మాట అనడానికి సిద్ధపడే దిగాడు. కానీ లోపలికి నొక్కుకుపోయిన ఆ భాగం అతని కళ్ళముందే మళ్ళీ బయటికి వచ్చి ఎప్పటిలా నిలిచేసరికి గొడవ సంగతి మరచిపోయి, బొటనవేలితో అక్కడ నొక్కి చూడసాగాడు. మేము తెలుగులో మాట్లాడుకోవడం విని, తనది హిందూపురం పక్కన పల్లె అని చెప్పి, "ఇంత గట్టిగా తగిలినా సొట్ట పడలేదే సార్! ఇది రేకు కాదా?" అని అడిగాడు.

"రేకు కాదప్పా, ప్లాస్టిక్కు. లోపల ఇనుప గొట్టాల చట్రం ఉంది, దాని మీద ఈ పలకలు బిగించినారు," అన్నారు మామయ్య.

లీటరుకు ఎంత ఇస్తుందని అతను అడగగా, పెట్రోలు ఊసే లేదని చెప్పి మామయ్య ముందు సీటు ఎత్తి బ్యాటరీలు చూపించారు. అతను వాటిని వేలితో లెక్కపెట్టుకుని, కాసేపు ఆలోచించి, "ఇంత చిన్న బండికే ఇన్ని కావాలంటే పెద్ద బండికి ఎన్ని కావాల సార్?" అన్నాడు. "అందుకే దీన్ని ఇంత చిన్నగా చేసింది," అని మామయ్య సమాధానం. ఎలక్ట్రిక్ వాహనాల మీద నేను తరువాత చదివిన వ్యాసాలలో ఆ ఆటో డ్రైవరు అడిగినంత సూటి ప్రశ్న నాకు ఎక్కడా కనబడలేదు.

ఎందుకంటే బ్యాటరీకి తన బరువు తానే శత్రువు. దూరం పెంచాలంటే బ్యాటరీ పెంచాలి. ఆ బరువును మోయడానికి చట్రం, బ్రేకులు, టైర్లు, మోటారు అన్నీ పెరగాలి. పెరిగిన బండిని లాగడానికి మళ్ళీ ఇంకొంత బ్యాటరీ కావాలి. ఆగుతూ కదులుతూ సాగే మన నగరాల రోడ్ల మీద కరెంటులో ఎక్కువ భాగం బరువును కదిలించడానికే పోతుంది. బ్రేకు వేసినప్పుడు మోటారు తిరిగి రాబట్టేది అందులో కొంత మాత్రమే. రేవా మొత్తం బరువు 665 కిలోలు, అందులో బ్యాటరీలు తీసేస్తే మిగిలేది 400 కిలోలే. అమెరికాలో అమ్ముతున్న జీఎంసీ హమ్మర్ ఎలక్ట్రిక్ వాహనం బరువు 4 టన్నులు దాటుతుంది, దాని బ్యాటరీ ఒక్కటే 1,300 కిలోలకు పైబడి ఉంటుంది. అంటే ఆ బ్యాటరీ స్థానంలో రెండు రేవాలను దాదాపుగా తూచవచ్చు. ఒక్క మనిషి పాలు తెచ్చుకోవడానికి 4 టన్నుల లోహాన్ని కదిలించడం ఏ విధంగా నూతన ఆవిష్కరణ అవుతుందో ఎవరైనా నాకు వివరించాలి.

రేవా పేరు ఎత్తగానే భద్రత మాట వస్తుంది, రావలసిందే. 2004 నుంచి లండన్‌లో జీ-విజ్ అనే పేరుతో అమ్ముడుపోయి, నగరం నడిబొడ్డుకు వచ్చే బండ్ల మీద అక్కడ వేసే రద్దీ రుసుము నుంచి మినహాయింపు కూడా పొందిన ఈ బండిని 2007లో ఒక బ్రిటిష్ పత్రిక ఢీకొట్టించి పరీక్ష చేయించగా, లోపలివారికి ప్రాణాపాయం తప్పకపోవచ్చని తేలింది. ఐరోపా నిబంధనలలో అది కారు కింద కాక క్వాడ్రిసైకిల్ (తేలికపాటి నాలుగు చక్రాల బండి) కింద లెక్కకు రావడం వల్ల అటువంటి పరీక్ష తప్పనిసరి కాలేదు. అయితే దీనినిబట్టి తేలికైన బండి అంటే ప్రమాదకరమైన బండి అని తేల్చేయడం తొందరపాటు. 2013లో వచ్చిన బీఎండబ్ల్యూ ఐ3 కింది చట్రాన్ని అల్యూమినియంతోనూ, మనుషులు కూర్చునే భాగాన్ని కార్బన్ ఫైబర్‌తోనూ కట్టి, బరువును 1,200 కిలోల దగ్గర నిలిపి, ఐరోపాలో కార్ల భద్రతను తేల్చే యూరో ఎన్‌క్యాప్ పరీక్షలో 5కు 4 నక్షత్రాలు తెచ్చుకుంది. ఖరీదు ఎక్కువే, కానీ దారి ఉందని అది నిరూపించింది. 2020లో వచ్చిన సిట్రోయెన్ అమీ మరో దారి పట్టింది: వేగాన్ని గంటకు 45 కిలోమీటర్ల దగ్గర ఆపి, 5.5 కిలోవాట్ అవర్ల బ్యాటరీతో సరిపెట్టి, ఎడమ తలుపునూ కుడి తలుపునూ ఒకే అచ్చులో తీసింది. అందువల్ల ఒక తలుపు ముందుకు, ఒకటి వెనుకకు తెరుచుకుంటాయి. ఖర్చు తగ్గించడానికి అంత ధైర్యం చేసిన ఇంజనీర్లంటే నాకు గౌరవం.

మన దగ్గర ఆ ధైర్యానికి ప్రోత్సాహం లేదన్నదే నా బాధ. 2019 ఆగస్టులో ఎలక్ట్రిక్ వాహనాల మీద జీఎస్‌టీని 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు, సంతోషమే; కానీ చిన్న బండికీ, రెండున్నర టన్నుల విలాస వాహనానికీ అదే 5 శాతం. పెట్రోలు కార్ల దగ్గర పొడవు 4 మీటర్లు దాటిందా, ఇంజను ఎంత పెద్దది అని కొలిచే ప్రభుత్వం, కరెంటు బండ్ల దగ్గరికి వచ్చేసరికి తక్కెడను పక్కన పెట్టేసింది. బండ్లను పరిచయం చేసే వీడియోల సంగతీ అంతే: సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు, తెర ఎన్ని అంగుళాలు అని చెబుతారు గానీ, కిలోమీటరుకు ఎంత కరెంటు తాగుతుందో ఒక్కరూ చివరిదాకా కొలవరు. ఇక మా అపార్ట్‌మెంట్ సంఘం పార్కింగులో ఒక 15 ఆంపియర్ల సాకెట్ పెట్టుకోవడానికి నాకు అనుమతి ఇవ్వడానికే నెలల తరబడి సమావేశాలు నడిపింది. వారి అభ్యంతరం ఏమిటంటే, నాకు ఇస్తే అందరూ అడుగుతారని! అందరూ అడగాలనే కదా ఇదంతా.

2010లో రేవా సంస్థలో మెజారిటీ వాటా మహీంద్రా చేతికి వెళ్ళింది, 2013లో లిథియం బ్యాటరీతో ఈ2ఓ అనే కారు వచ్చింది, కొన్నేళ్ళకు అదీ ఆగిపోయింది. ఈలోగా కార్ల కంటే ముందు మూడు చక్రాల బండ్లలో మన దేశంలో కరెంటు పాతుకుపోయింది. ఆ గాంధీ బజారు డ్రైవరు లాంటివారు రోజు చివర కిలోమీటరుకు ఎంత పడిందో జేబులో చూసుకుంటారు కనుక అది సహజమే. మీరు మాత్రం షోరూముకు వెళ్ళినప్పుడు రేంజి (ఒక ఛార్జ్‌కు వెళ్ళే దూరం) అడిగే ముందు కెర్బ్ వెయిట్, అంటే మనుషులు, సామాను లేకుండా బండి బరువు, ఎంతో అడగండి. సేల్స్ కుర్రవాడికి తెలియకపోతే బ్రోషరు తెప్పించి, చివరి పేజీలో వెతికి, మీరు రోజూ ఎక్కించుకునే మనుషుల సంఖ్యతో దానిని భాగించి చూడండి.