మార్కులు బాగానే వస్తున్నాయి, అయినా మా అమ్మాయికి ఏదీ నచ్చడం లేదు. ఏం చేయాలి?

తిరుపతిలో ఇంటర్ మొదటి సంవత్సరం, మార్కులకు లోటు లేదు, అడిగినవన్నీ కొనిచ్చాం, అయినా "ఏముంది, అంతా బోరు" అంటోందని రాశారు. జూనియర్ కాలేజీ పిల్లలతో పనిచేసే మనిషిగా చెప్తున్నా: ముందు నిద్ర చూడండి. తర్వాత, రోజు మొత్తంలో ఆమె ఇష్టానికి వదిలినది ఏముందో చూడండి.

13-18 ఏళ్లవాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది, కాబట్టి తొమ్మిదికే పడుకోమన్నా నిద్ర రాదు. స్టడీ అవర్లు అయ్యాక ఇల్లు చేరి, పన్నెండుకు పడుకుని, ఐదున్నరకు లేస్తే మిగిలేది ఐదున్నర గంటలు. అంత తక్కువ నిద్రతో పెద్దవాళ్లకే చిరాకు. పడుకునే వేళను మూడు రోజులకోసారి 15 నిమిషాలు ముందుకు జరపండి. సాయంత్రం నాలుగు దాటాక కాఫీ, టీ వద్దు. రాత్రి ఫోన్లన్నీ హాల్లో చార్జింగుకు పెట్టాలి, నాన్నదీ అక్కడే. ఆమెది ఒక్కటే లాక్కుంటే రెండో రోజుకే గొడవ. ఆదివారం పదకొండు దాకా పడుకోనిస్తే ఆ రాత్రి నిద్ర పట్టదు, సోమవారం మళ్లీ మొదటికొస్తుంది. మామూలుకన్నా ఒక గంట ఎక్కువ చాలు.

ఇక రెండోది. గ్రూపు, కాలేజీ, ట్యూషను, లేచే వేళ అన్నీ మనమే తేల్చేస్తాం. వారానికి రెండు గంటలు, నెలకు ఐదొందలు లెక్క అడక్కుండా వదలండి. శనివారం రాత్రి వంట పూర్తిగా ఆమెకే ఇవ్వండి, సరుకులు తేవడంతో సహా. సంగటి ఉండలు కట్టినా తినండి, మధ్యలో కట్టె లాక్కోకండి. నెల తిరిగేసరికి ఉండల్లేకుండా కెలకడం వస్తుంది, అది ఆమెకే తెలుస్తుంది. ర్యాంకుల్లో ఆ తృప్తి దొరకదు, ఎప్పుడూ పైన ఇంకొకరుంటారు. ఇక్కడ ఎక్కువమంది చెడగొట్టేది ఎలాగంటే, పిల్ల బొమ్మలు వేయగానే పోటీకి పేరిచ్చి సర్టిఫికెట్ అడుగుతారు. అంతటితో అదీ ఇంకో సబ్జెక్టే.

రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదలాలి. ఆదివారం స్నేహితురాళ్లతో శ్రీవారి మెట్టు ఎక్కనివ్వండి, 2,388 మెట్లు. మీరు మొక్కు అని చెప్పి వెంటబెట్టుకెళ్తే అది మీ మొక్కే అవుతుంది.

వారానికోసారి "ఈ వారానికి సున్నా నుంచి పదిలో ఎంతిస్తావు?" అని అడగండి. రోజూ అడిగితే విసుక్కుంటుంది. పలు దేశాల విద్యార్థులపై జరిగే పీసా సర్వేలో, 2015లో 15 ఏళ్లవాళ్లు తమ జీవితానికి పదికి ఇచ్చుకున్న మార్కు ఓఈసీడీ దేశాల్లో (ఎక్కువగా సంపన్న దేశాల కూటమి) సగటున 7.3, కాబట్టి ఆరు చెప్పిందని కంగారుపడకండి. "పది ఎందుకు కాదు" అనకుండా "నాలుగు కాకుండా ఆరెందుకు?" అని అడిగి చూడండి, బాగున్నవేవో తనే చెప్తుంది.

రెండు వారాలు దాటినా దిగులు వదలక, తిండి తగ్గి, స్నేహితులను తప్పించుకుంటుంటే అది బోరు కాదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగొచ్చు, అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. నేరుగా వెళ్లాలంటే తిరుపతి ప్రభుత్వాసుపత్రి రుయాలో మానసిక వైద్య విభాగం ఉంది.