మాల్ కట్టేవాళ్ళకి ఆస్తి పన్ను వదిలేస్తే ఊరికి మిగిలేదేమిటి?

మీరు అడిగింది ఇదీ: ఊరి చివర పెద్ద షాపింగ్ కాంప్లెక్స్ కడతామని ఒక డెవలపరు వచ్చాడు, ఐదేళ్ళు ఆస్తి పన్ను వదిలేస్తేనే కడతామంటున్నారు, అమెరికాలో నగరాలు ఇలాగే ఇస్తాయట కదా, మన మునిసిపాలిటీ ఇస్తే తప్పేంటి?

నేను గోదావరి డెల్టాలో ఒక మునిసిపాలిటీలో బిల్లు కలెక్టరుగా చేరి, రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. సర్వీసంతా ఈ పన్నుల లెక్కలతోనే గడిచింది. ఇవ్వకూడదనే నా అభిప్రాయం.

ముందు అమెరికా సంగతి. అక్కడ చాలా నగరాలకి అమ్మకం పన్నులో సొంత వాటా ఉంటుంది. మాల్‌లో చొక్కా అమ్ముడుపోతే అందులో కొంత నగరానికి వస్తుంది. అలా వచ్చేదాన్నే కొన్నేళ్ళపాటు డెవలపరుతో పంచుకుంటారు. అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరం 2007లో సిటీనార్త్ అనే షాపింగ్ ప్రాజెక్టుకి అలాగే మాటిచ్చింది: అక్కడ వచ్చే అమ్మకం పన్నులో సగం, గరిష్ఠంగా 9 కోట్ల 74 లక్షల డాలర్లు, పార్కింగ్ స్థలాలు జనానికి వదిలినందుకు. అది కోర్టుకెక్కింది. 2010లో అరిజోనా సుప్రీంకోర్టు చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. వ్యాపారం పెరుగుతుంది, పన్నులు వస్తాయి అన్న ఆశల్ని లెక్కలోకి తీసుకోకూడదట. ఒప్పందం ప్రకారం డెవలపరు ఊరికి కచ్చితంగా ఏం ఇవ్వాలో, దాని విలువెంతో, అదే చూడాలంది. ఆ పాత ఒప్పందాన్ని కొట్టెయ్యలేదు గానీ, ఇకమీద చేసేవాటికి ఇదే కొలత అంది.

మన దగ్గర పరిస్థితి ఇంకా కష్టం. 2017 జూలై నుంచి జీఎస్టీ వచ్చింది, దాన్ని కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి. మాల్‌లో రోజుకి ఎన్ని లక్షల వ్యాపారం జరిగినా ఆ బిల్లుల మీద పన్నులో మునిసిపాలిటీకి నేరుగా వాటా లేదు. ఆ బిల్డింగు మీద ఏటా గట్టిగా వచ్చేదల్లా ఆస్తి పన్నే. ఆంధ్రాలో 2021 ఏప్రిల్ నుంచి ఇది అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ (అంటే స్థలం, భవనం కలిపి కట్టిన ధర) మీద వేస్తున్నారు. ఇళ్ళకి 0.10 నుంచి 0.50 శాతం, వ్యాపార భవనాలకి 0.20 నుంచి 2 శాతం. పది కోట్ల విలువ కట్టి ఒక శాతం వేశారనుకోండి, ఏడాదికి పది లక్షలు. ఐదేళ్ళకి యాభై లక్షలు. దానితోపాటు వసూలయ్యే గ్రంథాలయ సెస్సు పన్ను రూపాయికి 8 పైసలు, అదీ పోతుంది. ఇంకో సంగతి, ఎవరికి పన్ను మినహాయింపు ఉందో చట్టంలోనే రాసుంది. అంతకుమించి ఇవ్వాలంటే రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు కావాలి. కౌన్సిల్లో చేతులెత్తి తీర్మానం చేస్తే సరిపోదు.

“పన్ను తగ్గితే షాపుల అద్దెలు తగ్గుతాయి” అని మీకు చెప్పుంటారు. నేను చూసింది చెబుతాను. ఒక కాంప్లెక్సుకి అసెస్‌మెంట్, అంటే పన్ను లెక్కకట్టడం, రెండేళ్ళు ఆలస్యమైంది. అంటే ఆ రెండేళ్ళూ ఓనరు మాకు కట్టింది లేదు. మా బావమరిదికి అందులో ఒక షట్టరు ఉండేది. అద్దెలో ఒక్క రూపాయి తగ్గలేదు. పైగా నెలనెలా “ఇంటిపన్ను వాటా” అని ప్రతి షాపు దగ్గరా విడిగా వసూలు చేశారు, రసీదు లేకుండా. వాడు నన్నే అడిగాడు, “బావా, ఈ డబ్బు మీ ఆఫీసుకి వస్తోందా?” అని. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అదే కాంప్లెక్సుకి శ్రావణమాసంలో కొలతలకి వెళ్ళాను. ప్లానులో సెల్లారు పార్కింగు. దిగి చూస్తే మధ్యలో ప్లైవుడ్ గోడ, గోడ వెనక చీరల బేళ్ళు, కింద నీళ్ళు ఊరుతున్నాయని ఇటుకల మీద చెక్కలు పరిచి పేర్చారు. మూలన గుంటలో మోటారు ఆడుతూనే ఉంది, పైపు తీసుకెళ్ళి రోడ్డు పక్క కాలవలో పెట్టారు. బళ్ళన్నీ రోడ్డు మీద. ఆ కాలవ ముందే నిండుగా ఉంది, నీళ్ళు పొంగి కిందనున్న కూరగాయల మార్కెట్లోకి పోతున్నాయి. ఒకావిడ వంకాయల బుట్ట ఒళ్ళో పెట్టుకుని పీట మీద కూర్చుని ఉంది. ఆ మార్కెట్లో ప్రతి షాపూ గడువులోపల పన్ను కట్టేది, ఏప్రిల్లోనే కడితే ఐదు శాతం తగ్గుతుందని తెల్లారేసరికి కౌంటరు దగ్గర నిలబడేవాళ్ళు.

భీమవరమైనా, పాలకొల్లైనా, అమలాపురమైనా మన నేల తీరు ఇదే, నాలుగడుగులు తవ్వితే నీరు. ఊరి చివర మాల్ అంటే వరి చేలో మట్టి తోలి మెరక చెయ్యడమే. ఆ చేను మీదుగా పోయే మురుగు బోదె పూడుకుపోతుంది, పై చేల నీళ్ళు ఎటు పోవాలి? కొత్త డ్రెయిను తవ్వించాలి, వీధిదీపాలు వెయ్యాలి, చెత్త బండి అక్కడిదాకా పంపాలి. అదంతా మునిసిపాలిటీ ఖర్చు. ఆ ఖర్చుకి డబ్బు రావాల్సిన చోటే పన్ను వదిలేస్తామంటే ఎలా?

మాల్ వద్దని నేను అనడం లేదు. మన పిల్లలు సినిమాకీ బట్టలకీ విజయవాడో రాజమండ్రో పోతున్నారు, ఆ కోరిక న్యాయమే. అంతగా సాయం చెయ్యాలనుంటే పన్ను మామూలుగా కట్టించుకుని, ఆ డబ్బుతోనే డ్రెయినూ అప్రోచ్ రోడ్డూ వెయ్యండి. మాల్ మూతపడినా అవి ఊరికి మిగులుతాయి.

మీరు ఈ వారంలోనే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. మూడు కాగితాలు అడగండి: డెవలపరు ఇచ్చిన వినతిపత్రం, కౌన్సిల్ ముందు పెట్టబోయే అజెండా నోటు, ఆ సర్వే నంబరులో బోదెలూ డ్రెయిన్లూ చూపించే స్కెచ్. మూడోది ఇవ్వడానికి వెనకాడతారు, అదే పట్టుపట్టి అడగండి. చేతికొచ్చాక ఇక్కడ రాయండి, లెక్క వేసి చెబుతాను.