నల్లతెర వచ్చిందని లినక్స్‌ను మళ్లీ వేసుకోకండి. ముందు కార్డు ఏ డ్రైవర్ చేతిలో ఉందో చూడండి

అప్‌డేట్ చేసి రీబూట్ చేశాక డెస్క్‌టాప్ రాకుండా నల్లతెర దగ్గరే ఆగిపోతోందని, గ్రాఫిక్స్ డ్రైవర్‌ను రెండుసార్లు తీసివేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా మార్పు లేదని, ఇక లినక్స్‌ను మొదటి నుంచి మళ్లీ వేసుకోవలసిందేనా అని మీరు అడిగారు. అక్కరలేదు. ఇదే సలహాను నేనూ ఒకప్పుడు నమ్మి, మూడుసార్లు మొత్తం తుడిచి మళ్లీ వేసుకున్నాను. ఆ మూడింటిలో ఒక్కదానికైనా అసలు కారణమేమిటో నాకు ఈనాటికీ తెలియదు. మళ్లీ వేస్తే సమస్య పోవచ్చును గాని, అది ఎందుకు వచ్చిందో చెప్పగల ఆధారాలన్నీ దానితోపాటే పోతాయి. నాలుగోసారి మాత్రం నేను ఆ పని చేయలేదు. ఆ రాత్రి సంగతి చెబితే మీకు కావలసిన జవాబు చాలావరకు అందులోనే దొరుకుతుంది.

ఆ రోజు సాయంత్రం వారం రోజులుగా పేరుకుపోయిన అప్‌డేట్లన్నీ ఒకేసారి వేశాను. వాటిలో కొత్త కెర్నల్, అంటే లినక్స్ కేంద్ర భాగం, కూడా ఉంది. ఎలాగూ రీబూట్ చేస్తున్నాను కదా అని, అదే ఊపులో పెన్‌డ్రైవ్ పెట్టి మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్‌కన్నా ముందు లేచి యంత్రాన్ని సిద్ధం చేసే ప్రోగ్రామ్) కూడా కొత్త వెర్షన్‌కు మార్చాను. ఆ తరువాత కంప్యూటర్ లేచింది, బూట్ మెనూ వచ్చింది, కొన్ని అక్షరాలు పరుగెత్తాయి, చివరికి పైన ఎడమ మూలలో ఒక చిన్న గీత మిణుకుమిణుకుమంటూ నిలబడిపోయింది. మర్నాడు ఉదయానికి అందించవలసిన పని ఒకటి అదే యంత్రంలో ఉంది. నాకు వచ్చిన మొదటి ఆలోచన, కొత్త కెర్నల్ నా డ్రైవర్‌ను చెడగొట్టిందని. రెండో ఆలోచన రాలేదు. అసలు తప్పు అదే.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కితే టెక్స్ట్ లాగిన్ వచ్చింది. అంటే మానిటర్ బాగుంది, కేబుల్ బాగుంది, కార్డు కూడా కనీసం అక్షరాలు చూపేంత ప్రాణంతో ఉంది. ఎందుకంటే ఫర్మ్‌వేర్ బూట్ సమయంలో సిద్ధం చేసి అప్పగించిన ఫ్రేమ్‌బఫర్ (తెర మీద చూపే బొమ్మ ఉండే మెమరీ) మీద కెర్నల్ ఆ అక్షరాలను రాస్తుంది, అందుకు కార్డు అసలు డ్రైవర్ అవసరం లేదు. ఇంత విలువైన సమాచారం కళ్ల ముందు ఉన్నా నేను పట్టించుకోకుండా డ్రైవర్‌ను తీసివేసి మళ్లీ వేశాను. విజయవంతంగా ఇన్‌స్టాల్ అయిందని సందేశం వచ్చింది. రీబూట్ చేస్తే అదే గీత. మరోసారి వేశాను, మళ్లీ విజయమే, మళ్లీ గీతే. మూడోసారి ప్యాకేజీతోపాటు కాన్ఫిగరేషన్ ఫైళ్లను కూడా తుడిచి వేశాను. అర్ధరాత్రి దాటింది. అప్పుడు బూట్ మెనూలోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలోకి వెళ్లి పాత కెర్నల్‌ను ఎంచుకుని చూశాను, దానిలోనూ నల్లతెరే వచ్చింది.

నా దృష్టిలో ఆ రాత్రి మలుపు అదే. నిన్నటి దాకా చక్కగా నడిచిన కెర్నల్, నిన్నటి దాకా చక్కగా నడిచిన డ్రైవర్‌తో ఈ రోజు నడవడం లేదంటే నేరం కొత్త కెర్నల్‌ది కాదు, ఆ రెండింటికీ కింద ఉన్న మరేదో మారింది. కీబోర్డు మీద నుంచి చేతులు తీసి, ఒక కాగితం మీద ఆ రోజు నేను మార్చినవన్నీ వరుసగా రాసుకున్నాను. జాబితాలో ఫర్మ్‌వేర్ రెండో వరుసలో ఉంది, అయినా దాని మీద నాకు అనుమానం వెంటనే కలగలేదు.

తరువాత చేసిన పనిని మీరు మొట్టమొదట చేయండి. ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌ను ఎన్‌ఎన్‌కే ఆప్షన్‌తో నడిపితే యంత్రంలోని ఒక్కో పరికరం కింద సాధారణంగా రెండు వరుసలు కనిపిస్తాయి: ఆ పరికరాన్ని నడపగల మాడ్యూళ్లు (కెర్నల్‌లోకి ఎక్కే డ్రైవర్ ముక్కలు) ఏవి అన్నది ఒకటి, ప్రస్తుతం నడుపుతున్న డ్రైవర్ ఏది అన్నది మరొకటి. నా కార్డు కింద మొదటి వరుస ఉంది, రెండోది అసలు లేనే లేదు. విడిగా వచ్చే డ్రైవర్ మాడ్యూల్‌ను ప్రతి కెర్నల్‌కూ నిర్మించి పెట్టే డీకేఎంఎస్‌ను స్టేటస్ అడిగితే, నడుస్తున్న కెర్నల్‌కు మాడ్యూల్ నిర్మాణం పూర్తయి ఇన్‌స్టాల్ అయిందని చెప్పింది. అంటే డ్రైవర్ డిస్కులో ఉంది, మెమరీలోకి మాత్రం ఎక్కలేదు. సరే, చేత్తో ఎక్కిద్దామని మోడ్‌ప్రోబ్ నడిపితే ఒకే ఒక్క వరుస వచ్చింది: ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’, అంటే సంతకపు కీ చెల్లలేదని. ఆరు గంటలపాటు నేను అడగకపోవడం వల్లే ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. వెంటనే మోక్‌యుటిల్ కమాండ్‌తో సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే ఫర్మ్‌వేర్ రక్షణ) స్థితి చూస్తే, అది పని చేస్తున్నట్లు తేలింది. లినక్స్ వేసిన రోజున దాన్ని నేనే ఆపి ఉంచాను; ఫర్మ్‌వేర్ మార్పు సెట్టింగులన్నింటినీ మొదటి స్థితికి తెచ్చినప్పుడు అది తిరిగి మొదలైంది.

సెక్యూర్ బూట్ అమలులో ఉన్నప్పుడు, ప్రధాన డిస్ట్రిబ్యూషన్లలోని (ఉబుంటు, ఫెడోరా వంటి లినక్స్ రూపాలు) కెర్నల్ తాను నమ్మే కీతో సంతకం చేసిన మాడ్యూళ్లనే లోపలికి రానిస్తుంది. డిస్ట్రిబ్యూషన్‌తో వచ్చే మాడ్యూళ్లకు ఆ డిస్ట్రిబ్యూషన్ సంతకమే ఉంటుంది కనుక వాటికి చిక్కు లేదు. డీకేఎంఎస్ మాత్రం మాడ్యూల్‌ను మన యంత్రంలోనే నిర్మించి, మన యంత్రంలోనే తయారైన కీతో సంతకం చేస్తుంది. ఆ కీ నమ్మదగినదని ఫర్మ్‌వేర్ వైపు ఒకసారి నమోదు చేయకపోతే ఆ సంతకానికి విలువ లేదు. నేను ఆ కీని మోక్‌యుటిల్‌తో ఇంపోర్ట్ చేసి, అది అడిగిన తాత్కాలిక పాస్‌వర్డ్ ఇచ్చి, రీబూట్ చేశాను. తెర మీద ఒక నీలిరంగు మెనూ వచ్చి, ఏదైనా మీట నొక్కమని పది సెకన్లు లెక్కపెట్టి వెళ్లిపోయింది. నేను చూస్తూ ఉండగానే అవకాశం జారిపోయింది, కాబట్టి ఇంపోర్ట్ మళ్లీ చేయవలసి వచ్చింది. రెండోసారి కీబోర్డు మీద చేయి పెట్టుకుని కూర్చుని, మీట నొక్కి, ఎన్‌రోల్ మోక్ (యంత్ర యజమాని కీని నమోదు చేయడం) ఎంచుకుని, పాస్‌వర్డ్ ఇచ్చాను. ఆ తరువాతి బూట్‌లో డెస్క్‌టాప్ వచ్చింది. సెక్యూర్ బూట్‌ను ఆపేస్తే సరిపోయేది కదా అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను, కీని ఒకసారి నమోదు చేస్తే, తరువాత వచ్చే ప్రతి కెర్నల్‌కూ డీకేఎంఎస్ అదే కీతో సంతకం చేస్తుంది, రక్షణ కూడా మిగులుతుంది.

ఇక్కడ నా ఫిర్యాదు ఒకటి చెప్పక తప్పదు. డ్రైవర్ డిస్కులో ఉండటం, కెర్నల్‌లోకి ఎక్కడం, కార్డును చేతిలోకి తీసుకోవడం అనేవి మూడు వేర్వేరు సంగతులు. ఇన్‌స్టాల్ ప్రక్రియ మొదటిదాన్ని మాత్రమే చూసి విజయమని ప్రకటిస్తుంది, మనం ఆ మాటను మూడింటికీ హామీగా తీసుకుంటాము. సలహాలు ఇచ్చేవారిలో అధికులు కూడా మొదటిదాని దగ్గరే ఆగిపోయి, తీసి మళ్లీ వేయండి అంటారు. నొప్పి ఒకచోట ఉంటే మందు మరొకచోట రాసినట్లే ఇది.

దీనికన్నా నాకు బాధ కలిగించేది నోమోడ్‌సెట్ సలహా. 2009లో వచ్చిన 2.6.29 కెర్నల్‌తో మొదలై, తెర రెజల్యూషన్‌ను నిర్ణయించే పని, డెస్క్‌టాప్‌ను తెర మీద చూపే ఎక్స్ సర్వర్ చేతుల్లో నుంచి క్రమంగా కెర్నల్ చేతుల్లోకి వచ్చింది. నోమోడ్‌సెట్ అనే బూట్ పరామితి ఆ పనిని కెర్నల్ డ్రైవర్లు చేయకుండా ఆపుతుంది. తెర కనిపించనప్పుడు ఒక్క బూట్‌కు దాన్ని వాడి, లోపలికి వెళ్లి మరమ్మతు చేసుకోవడానికి అది అమూల్యమైన సాధనం. కానీ దాన్ని బూట్ మెనూను నడిపే గ్రబ్ కాన్ఫిగరేషన్‌లో శాశ్వతంగా రాసి సమస్య తీరిందని వెళ్లిపోయేవారు, నెల తరువాత వీడియోలు ఆగి ఆగి నడుస్తున్నాయని, ప్రాసెసర్ వేడెక్కుతోందని వస్తారు. జీఎల్‌ఎక్స్‌ఇన్ఫో కమాండ్‌ను పెద్ద బీ ఆప్షన్‌తో నడిపి, రెండరర్ అన్న వరుసలో ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని ఉందేమో చూడండి. ఉంటే మీ కార్డు ఖాళీగా కూర్చుంది, బొమ్మలన్నీ ప్రాసెసర్ గీస్తోంది. కట్టును గాయం మానిన తరువాత కూడా విప్పకపోతే చేయి పనికిరాకుండా పోతుంది.

మీ నల్లతెరకు నా కారణమే ఉండాలని లేదు, అయితే ప్రతి కారణమూ తన గుర్తుగా ఒక సందేశపు వరుసను తానే రాసి పెడుతుందని నేను గట్టిగా నమ్ముతాను. ఏఎండీ కార్డుల ఏఎండీజీపీయూ డ్రైవర్ 2015లో వచ్చిన 4.2 నుంచి కెర్నల్‌లోనే ఉంది కనుక వాటికి సాధారణంగా విడిగా వేయవలసింది ఏమీ ఉండదు. అయినా కొత్త కార్డును పాత డిస్ట్రిబ్యూషన్‌లో పెడితే, కార్డుకు కావలసిన ఫర్మ్‌వేర్ ఫైలు లేక కెర్నల్ లాగ్‌లో ఫర్మ్‌వేర్ లోడ్ విఫలమైందని, ఎర్రర్ మైనస్ 2 అని వస్తుంది; ఆ మైనస్ 2కు అర్థం ఫైలు దొరకలేదని మాత్రమే. అక్కడ లినక్స్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీని, అవసరమైతే కెర్నల్‌ను, మెసాను (గ్రాఫిక్స్ లైబ్రరీలు) కొత్తవి వేయాలి. విడిగా వచ్చే డ్రైవర్ వాడేవారికి, కొత్త కెర్నల్ వచ్చి దానికి సరిపోయే హెడర్ల (మాడ్యూల్ నిర్మాణానికి కావలసిన కెర్నల్ ఫైళ్లు) ప్యాకేజీ రాకపోతే డీకేఎంఎస్ మాడ్యూల్‌ను నిర్మించలేదు; స్టేటస్‌లో ఆ కెర్నల్ పేరే కనిపించదు. డ్రైవర్, లైబ్రరీ వెర్షన్లు కుదరలేదన్న సందేశం వస్తే, చాలాసార్లు అప్‌డేట్ తరువాత రీబూట్ చేయలేదని అర్థం, అంతే.

లాగ్ చదివేటప్పుడు జాగ్రత్త పడవలసిన చోటు ఒకటుంది. మీ డెస్క్‌టాప్ ఎక్స్ సర్వర్‌కు బదులుగా వచ్చిన వేలాండ్‌లో నడుస్తుంటే ఎక్స్ సర్వర్ లాగ్ ఫైలు కొత్తగా తయారు కాకపోవచ్చు, ఎప్పటిదో పాత ఫైలు మాత్రం అక్కడే ఉంటుంది. దానిలో రెండు పెద్ద ఈ అక్షరాల గుర్తుతో ఉన్న ఎర్రర్లను చూసి, ఎప్పుడో తీరిపోయిన సమస్య కోసం రోజంతా వెతికినవారిని నేను చూశాను. ముందు ఫైలు తేదీ చూడండి. నమ్మదగినది సిస్టమ్ లాగ్‌ను చూపే జర్నల్‌సీటీఎల్ కమాండ్, దానికి కె, బి ఆప్షన్లు ఇచ్చి, బి తరువాత మైనస్ 1 పెడితే, విఫలమైన కిందటి బూట్‌లో కెర్నల్ చెప్పిన మాటలన్నీ ఇప్పుడు సుఖంగా చదువుకోవచ్చు.

ఇంకొక మాట. కార్డు తయారీదారు సైట్ నుంచి ఇన్‌స్టాలర్ దింపుకుని, డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీ మీదనే దాన్ని నడిపి ఉంటే, ముందు ఆ ఇన్‌స్టాలర్‌తోనే దాన్ని పూర్తిగా తీసివేయండి. రెండు దారుల్లో వచ్చిన ఫైళ్లు ఒకదాని మీద ఒకటి పడితే, ఏది ఎవరిదో ప్యాకేజీ మేనేజర్‌కు తెలియదు, ఆ తరువాత ఏ అప్‌డేట్ వచ్చినా కొత్త చిక్కే.

ఇక మీ యంత్రం సంగతి. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డు పోర్టులో కాక గ్రాఫిక్స్ కార్డు పోర్టులో ఉందో లేదో ఒకసారి వెనక్కి వంగి చూడండి. తరువాత బూట్ మెనూ నుంచి పాత కెర్నల్‌తో లేపండి. దానిలో డెస్క్‌టాప్ వస్తే కొత్త కెర్నల్ హెడర్లను వేసి మాడ్యూల్‌ను మళ్లీ నిర్మించండి. దానిలోనూ రాకపోతే సెక్యూర్ బూట్ స్థితి చూసి, మోడ్‌ప్రోబ్‌ను చేత్తో నడిపి, అది చెప్పిన వరుసను అక్షరం మార్చకుండా ఇక్కడ రాయండి. ఎల్‌ఎస్‌పీసీఐలో మీ కార్డుకు సంబంధించిన భాగాన్ని, కెర్నల్ వెర్షన్‌ను కూడా దానికి జోడించండి. దయచేసి తెరను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టకండి, సగం అక్షరాలు మెరుపులో కలిసిపోతాయి. ఆ మూడూ అక్షరాల్లో వస్తే, ఈ రాత్రికే చూసి జవాబు రాస్తాను.