స్కాన్‌లో బిడ్డ పెద్దదన్నారు... ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: నాకిది తొలి కాన్పు. 38 వారాలు నిండాయి. మొన్న స్కాన్‌లో బిడ్డ బరువు 3.8 కిలోలని రాశారు. ఆరో నెల షుగర్ పరీక్షలో 118 వచ్చింది, ఫర్వాలేదన్నారు. ‘అంత బిడ్డ నార్మల్‌గా రాదు, మంచి రోజు చూసి ఆపరేషన్ చేయించేద్దాం’ అంటున్నారు ఇంట్లో. నొప్పుల కోసం ఆగొచ్చా?
– ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఆగొచ్చమ్మా. స్కాన్ మిషన్ బిడ్డను తూచదు. తల వెడల్పు, తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు తీసుకుని బరువును లెక్కగడుతుంది. నెలలు నిండేసరికి తల కిందికి దిగిపోయి కొలత సరిగా అందదు. అందుకే 10 నుంచి 15 శాతం అటూ ఇటూ అవుతుంది. మీ బిడ్డ 3.3 కిలోలే ఉండొచ్చు, 4.3 కూడా ఉండొచ్చు.

సాధారణంగా 4 కిలోలు దాటితేనే పెద్ద బిడ్డ అంటాం. బరువు ఒక్కటే చూసి ఆపరేషన్ ఆలోచించడానికి అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం పెట్టుకున్న గీత, షుగర్ లేని తల్లికి 5 కిలోలు, ఉన్న తల్లికి 4.5 కిలోలు. మనవాళ్ల ఒడ్డూపొడుగూ తక్కువ కాబట్టి మన డాక్టర్లు కాస్త ముందే జాగ్రత్తపడటంలో తప్పులేదు. కానీ 3.8 అన్న అంకె చూసి, ఒక్క నొప్పి కూడా రాకముందే తేల్చేయడం తొందరపాటు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. అందులో అవసరం లేనివి చాలానే ఉన్నాయన్నది మా అభిప్రాయం. ఒకవేళ ఆపరేషనే అనుకున్నా, వేరే కారణం లేకుండా 39 వారాలు నిండకముందు ముహూర్తం పెట్టించొద్దు. పుట్టగానే బిడ్డకు ఆయాసం వచ్చే అవకాశం ఎక్కువ.

నొప్పులు మొదలయ్యాక అసలు సంగతి తెలుస్తుంది. గర్భాశయ ద్వారం 6 సెంటీమీటర్లు తెరుచుకుని, ఉమ్మనీరు పోయి, మంచి నొప్పులు 4 గంటలు వచ్చినా కాన్పు ముందుకు సాగకపోతే అప్పుడు ఆపరేషన్ న్యాయమే.

మేం నిజంగా భయపడేది భుజం ఇరుక్కోవడానికి. తల బయటికొస్తుంది, వెంటనే తాబేలు తల లాగా వెనక్కి లాక్కుంటుంది. భుజం తల్లి జఘన ఎముక (పొత్తికడుపు కింద ముందువైపు ఉండే ఎముక) వెనక తట్టుకుని ఆగిపోయిందన్నమాట. అప్పుడు ఇద్దరు చెరోవైపు నిలబడి తల్లి తొడలను పొట్టకేసి బాగా మడిచి పట్టుకోవాలి. మరొకరు ఆ ఎముకకు సరిగ్గా పైన, పొత్తికడుపు మీద అరచేత్తో నొక్కాలి. చాలాసార్లు ఈ రెండింటితోనే భుజం జారుతుంది. పొట్ట పైభాగం మాత్రం ఎవరూ నొక్కకూడదు. భుజం ఇంకా బిగుసుకుపోతుంది. తలను పట్టి గట్టిగా లాగినా మెడ దగ్గరి నరాలు దెబ్బతిని బిడ్డ చెయ్యి చచ్చుబడొచ్చు. ఇలా ఇరుక్కునే బిడ్డల్లో దాదాపు సగంమంది 4 కిలోల లోపువాళ్లే. అందుకని అంకెకంటే ఆసుపత్రి ముఖ్యం. రాత్రి 2 గంటలకైనా థియేటర్, మత్తు డాక్టర్, పిల్లల డాక్టర్, రక్తం అందుతాయా అని ఇప్పుడే అడగండి.

ప్రశ్న: మా అమ్మాయికి ఎనిమిదో నెల. షుగర్ వచ్చింది, బిడ్డ పెద్దదవుతోందన్నారు. అన్నం పూర్తిగా మాన్పించాం. మంచిదేనా?
– ఓ తల్లి, కాకినాడ

జవాబు: మాన్పించొద్దమ్మా. కడుపు మాడిస్తే ఒంట్లో కొవ్వు కరిగి, దాన్నుంచి పుట్టే కీటోన్లనే ఆమ్లాలు పెరుగుతాయి. తల్లి రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ దాటదు. దాంతో బిడ్డే సొంత ఇన్సులిన్ ఎక్కువగా తయారుచేసుకుంటుంది. మిగిలిన చక్కెర కొవ్వుగా మారి భుజాల మీద, పొట్ట మీద చేరుతుంది. తల మామూలుగానే ఉండి భుజాలు పెరగడం వల్లే షుగర్ తల్లుల కాన్పులో ఇబ్బంది ఎక్కువ.

కంచంలో సగం కూర, పావు వంతు అన్నం, పావు వంతు పప్పో గుడ్డో చేపో పెట్టండి. మూడు పూటల భోజనం, మధ్యలో రెండుసార్లు గుప్పెడు శనగలు, మజ్జిగ లాంటివి. తిన్నాక 15 నిమిషాలు నడిపించండి. సీమంతానికి చలిమిడి పెడితే శకునానికి చిటికెడు నోట్లో వేసుకుని, మిగతాది పేరంటాళ్లకు పంచేయమనండి. పరగడుపున 95 లోపు, మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి 2 గంటలకు 120 లోపు ఉండాలి. వారం, రెండు వారాల్లో దారికి రాకపోతే డాక్టర్ ఇన్సులిన్ రాస్తారు, భయపడి వాయిదా వేయొద్దు.

ప్రశ్న: మా పాప 4.2 కిలోలతో పుట్టింది. బాగానే ఉన్నా మడమకు సూది గుచ్చి నాలుగైదుసార్లు రక్తం తీశారు. ఎందుకు?
– ఓ తండ్రి, హోసూరు

జవాబు: బొడ్డు కోయగానే తల్లి నుంచి వచ్చే చక్కెర ఆగిపోతుంది. పాప ఒంట్లో ఇన్సులిన్ మాత్రం ఇంకా ఎక్కువగానే ఉండొచ్చు. దాంతో మొదటి గంటల్లో చక్కెర పడిపోవచ్చు, 45 లోపుకు దిగితే జాగ్రత్తపడాలి. అందుకే ఆ పరీక్షలు. తొలి గంటలోనే ముర్రుపాలు, ఆపైన 2–3 గంటలకోసారి పాలు పట్టాలి. బొద్దుగా ఉంది కదా అని పాలు పట్టకుండా నిద్రపోనివ్వకండి. వణుకు, మగత, పాలు లాగకపోవడం కనిపిస్తే వెంటనే చెప్పండి.

తల్లినీ గమనించండి. బాగా సాగిన గర్భసంచి గట్టిగా ముడుచుకోకపోతే రక్తం ఎక్కువగా పోతుంది. గంటలో ఒక ప్యాడ్ పూర్తిగా తడిస్తే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆమెకు గర్భంతో షుగర్ ఉండి ఉంటే, ఆరు వారాలకు 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష మళ్లీ చేయించండి.