మీ ప్రశ్న – మా జవాబు: ప్లీడరు లింకన్

ప్రశ్న: అబ్రహాం లింకన్ లా కాలేజీ గడప తొక్కలేదంటారు. మరి ప్లీడరెలా అయ్యాడు? (ఒంగోలు పాఠకుడు)

ఆ రోజుల్లో ఇల్లినాయ్‌లో డిగ్రీ ఎవరూ అడిగేవారు కాదు. లింకన్ బడిలో కూర్చున్నది అంతా కలిపినా ఏడాది లోపే. 1834లో శాసనసభకు ఎన్నికైనప్పుడు జాన్ టాడ్ స్టూవర్ట్ అనే లాయరు పుస్తకాలు ఎరువిచ్చాడు. వాటితోనే చదువు. 1836 మార్చిలో సంగమన్ సర్క్యూట్ కోర్టు ఇతని నడవడి మంచిదని ధ్రువీకరించింది. సెప్టెంబరు 9న ఇద్దరు రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జీల సంతకంతో లైసెన్సు వచ్చింది. 1837 మార్చి 1న న్యాయవాదుల పట్టీలో పేరెక్కింది. ఏప్రిల్లో స్ప్రింగ్‌ఫీల్డ్ చేరి స్టూవర్ట్‌తోనే కలిసి ప్రాక్టీసు పెట్టాడు.

ప్రశ్న: హత్య కేసులో దొంగ పంచాంగం చూపించి గెలిచాడని చదివాను. నిజమా? (కరీంనగర్ పాఠకురాలు)

కాదు. ఆ పుకారు లింకన్ కాలం నుంచీ ఉంది, లెక్క మాత్రం అతని పక్షానే ఉంది. 1858 మే 7, బియర్డ్స్‌టౌన్ కోర్టు. ముద్దాయి డఫ్ ఆర్మ్‌స్ట్రాంగ్, లింకన్ పాత స్నేహితుడి కొడుకు. 1857 ఆగస్టు 29 రాత్రి పదకొండింటికి సుమారు 150 అడుగుల దూరం నుంచి డఫ్ హతుణ్ణి దెబ్బ కొట్టడం చూశానన్నాడు సాక్షి. చంద్రుడు నడినెత్తిన ఉన్నాడట. లింకన్ ఎదురు చెప్పలేదు. ఆ మాటే మళ్లీ మళ్లీ చెప్పించాడు, వెనక్కి తీసుకునే దారి లేకుండా. తర్వాత పంచాంగం తెరిచాడు: ఆ రాత్రి చంద్రాస్తమయం పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకే. అంటే పదకొండింటికి చంద్రుడు పడమట దిగువన ఉండాలి, నెత్తిమీద కాదు.

సందేహం ఎక్కడొస్తుందంటే, అది శుక్లపక్షం, సగానికి మించి పెరిగిన చంద్రుడు. అంత తొందరగా ఎలా కుంగాడు? ఆ సంవత్సరాల్లో చంద్రుడి దారి దక్షిణానికి బాగా ఒరిగి ఉంది. అలా ఒరిగినప్పుడు ఉత్తరాన ఉన్న ఇల్లినాయ్‌లో చంద్రుడు ఆకాశంలో ఎక్కువసేపు నిలవడు.

పంచాంగం ఒక్కటే గెలిపించిందనడమూ సరికాదు. హతుడి తల వెనక మరో ముద్దాయి కొట్టిన దెబ్బ వల్లా ప్రాణం తీసిన గాయం కావచ్చని డాక్టరు సాక్ష్యం చెప్పాడు. జ్యూరీ డఫ్‌ను వదిలేసింది. లింకన్ ఫీజు తీసుకోలేదు.

ప్రశ్న: పేదల కేసులే వాదించేవాడా? (విజయనగరం పాఠకుడు)

ఎవరొస్తే వాళ్లవి. ఎక్కువభాగం అప్పుల తగాదాలే. మామూలు ఫీజు 5 నుంచి 20 డాలర్లు. ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వేకు మెక్‌లీన్ కౌంటీ పన్ను తప్పించిన కేసులో మాత్రం 5,000 అడిగాడు. కంపెనీ ఇవ్వనంటే 1857లో దాని మీదే దావా వేసి, ముందు ముట్టిన 200 పోను 4,800కు డిక్రీ తెచ్చుకున్నాడు.

అభిమానులు తలుచుకోనిది 1847 కేసు. అందులో లింకన్ నిలబడ్డది బానిసల యజమాని రాబర్ట్ మాట్సన్ తరఫున. ఓడిపోయాడు. మాట్సన్ బానిస జేన్ బ్రయంట్, ఆమె పిల్లలు విడుదలయ్యారు.