పాప చిన్నదని ప్రమోషన్ ఆపితే: నా సమాధానం

డాక్టర్ గారూ, మీరు ప్రసూతి సెలవు నుంచి రాగానే మీ జూనియర్‌కి అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టు ఇచ్చి, మీతో "పాప చిన్నది కదమ్మా, తర్వాత చూద్దాం" అన్నారని రాశారు. చదివి చాలా కోపమొచ్చింది. మెడికల్ కాలేజీ టీచర్ల అర్హతలు నిర్ణయించే ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) నిబంధనల్లో పాప వయసు ఎక్కడా లేదు.

అడిగేవి వేరు: అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా నాలుగేళ్లు, రెండు పరిశోధన పత్రాలు, మెడికల్ ఎడ్యుకేషన్ బేసిక్ కోర్సు, బయోమెడికల్ రీసెర్చ్ కోర్సు. ఈ చివరిది చెన్నైలోని ఐసీఎంఆర్-ఎన్‌ఐఈ (జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ) ఆన్‌లైన్‌లో నడుపుతుంది, పాఠాలు పాప పడుకున్నాక వినొచ్చు. పేపర్లలో మీ పేరు ఎన్నోదో మాత్రం జాగ్రత్తగా చూసుకోండి. మరీ వెనక్కి పోతే లెక్కలోకి రాకపోవచ్చు. ఇకపై ఏ స్టడీ అయినా మొదలుపెట్టేటప్పుడే రచయితల వరుస మెయిల్‌లో తేల్చుకోండి. మొహమాటం వద్దు.

ఇవన్నీ జతచేసి హెచ్‌ఓడీ ద్వారా ప్రిన్సిపాల్‌కి దరఖాస్తు ఇవ్వండి. అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి.

కమిటీల సంగతి. ఆడవాళ్లకి కల్చరల్ కమిటీ అంటగట్టడం మామూలైపోయింది. తొలి తరం మహిళా మత్తు డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ 19వ శతాబ్దంలోనే రోగులకి క్లోరోఫాంతో మత్తు ఇచ్చిన హైదరాబాద్ ఇది! మీరు కరిక్యులమ్ కమిటీ, ఎథిక్స్ కమిటీ అడగండి, నిర్ణయాలు జరిగేది అక్కడే. పెద్ద పోస్టులకి పనికొచ్చే అనుభవమూ అక్కడే వస్తుంది.

దరఖాస్తు రాశాక పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.